మా ఇంటికి సొంత నంబరు: రౌటర్ వెనక వెబ్ సర్వర్

(ఒక పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరు వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది చూడండి. అరవై నిమిషాల క్యాసెట్. ముందు వరసల్లో ఉన్న పిల్లలు దీన్ని వాడి ఉండరు, వెనక కూర్చున్న అమ్మానాన్నలకు మాత్రం బాగా తెలుసు. లేబుల్ మీద మా నాన్న చేతిరాత ఉంది: "అమ్మ. తిరగలి పాటలు. రెండో వైపు సగం ఖాళీ." అమ్మ అంటే మా నాయనమ్మ. 1986 నుంచి ఐదారేళ్ల పాటు ఆవిడ పాడుతుంటే నాన్న టేప్‌రికార్డర్ పక్కన పెట్టి పట్టినవి ఇలాంటివి ఇరవై మూడు ఉన్నాయి. తిరగలి పాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు. మధ్యలో కోడి కూత, వంటింట్లో ఎవరో గిన్నె జారవిడిచిన చప్పుడు, అన్నీ ఉంటాయి.

వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, నెట్‌లో ఉచితంగా చోటిచ్చే ఒక కంపెనీ దగ్గర పెట్టాను. ఎక్కడెక్కడో ఉన్న మా వాళ్లు వినేవాళ్లు. కొన్నేళ్లకి, ఈ సేవ మూసేస్తున్నాం, నెల రోజుల్లో మీ ఫైళ్లు తీసుకోండి అని మెయిల్ వచ్చింది. అది నేను చూడటం మానేసిన పాత మెయిల్‌కి వచ్చింది. నా కంట పడేసరికి గడువు దాటిపోయింది. పాటలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి దక్కాయి. కానీ ఒక్కో పాట కింద మా అత్తయ్యలు, పెద్దమ్మ రాసిన మాటలు ఉండేవి. ఈ పాట ఎవరి పెళ్లిలో పాడారు, ఈ మాటకి అర్థం ఏంటి, ఈ చరణం ఇంకో ఊళ్లో ఎలా పాడతారు, అన్నీ రాశారు. అవి పోయాయి. రాసినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్లని మళ్లీ అడిగి రాయించుకోలేను.

అందుకే ఈసారి ఆ సైటు మా ఇంట్లోనే ఉండాలనుకున్నాను. ఇప్పుడు అక్కడే ఉంది, హాల్లో టీవీ కింది అరలో, రౌటర్ పక్కన. పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. అది ఎలా పెట్టానో, ముఖ్యంగా ఎక్కడ ఆగిపోయానో ఈ రోజు చెప్తాను.

మెషిన్ సంగతి త్వరగా ముగిస్తాను, అందులో కష్టం లేదు. నాది రాస్‌బెర్రీ పై 4, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు. దాంట్లో లినక్స్, దాని మీద ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్, అంటే అడిగినవాళ్లకి సైటు పేజీలు అందించేది. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ దాన్ని 2004లో విడుదల చేశారు. ఎంతో పెద్ద సైట్లు కూడా దాని మీదే నడుస్తున్నాయి, మనకి ఉచితంగా దొరుకుతుంది. రాస్‌బెర్రీ పై కొనక్కర్లేదు కూడా. ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ చాలు. కరెంటు పోతే ఆదుకోవడానికి దాంట్లో బ్యాటరీ కూడా ఉంటుంది.

స్పీడ్ చాలదేమో అని చాలామంది వెనక్కి తగ్గుతారు. లెక్క వేసి చూడండి. నా పాటలు సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3లు. క్యాసెట్ ఒక వైపు, అంటే అరగంట, సుమారు 14 ఎంబీ. మా ఇంటి అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 40 మెగాబిట్లు. ఆ లెక్కన ఒకేసారి ఆరు వందల మంది వినొచ్చు. అందులో సగం వచ్చినా మనకి ఎక్కువే. ఇక్కడ చూడాల్సింది అప్‌లోడ్ స్పీడ్, ప్రకటనల్లో వేసే డౌన్‌లోడ్ స్పీడ్ కాదు. మన సైటు చూసేవాళ్లకి వెళ్లేది మన ఇంటి నుంచి బయటికే కదా.

సర్వర్ అనగానే ఏసీ గది, వరసగా బీరువాల్లాంటి మెషిన్లు మనసులో మెదులుతాయి. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ మాత్రం 1990 చివర్లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ వాడుకున్న ఒకే ఒక్క నెక్స్ట్ కంప్యూటర్. దాని మీద ఎర్ర సిరాతో రాసిన చీటీ ఉండేది: ఇది సర్వర్, దీన్ని ఆపొద్దు అని. ఎవరైనా తెలియక ఆపితే ఆ రోజుల్లో వెబ్ మొత్తం ఆగిపోయినట్టే. మా ఇంట్లో స్విచ్ బోర్డు మీద నేనూ అలాంటి చీటీ అంటించాను, తెలుగులో.

ఇక అసలు విషయం.

పెద్దవాళ్లని ఒకటి అడుగుతాను. పీపీ నంబరు గుర్తుందా? చేతులెత్తండి... చూశారా, వెనక వరసలన్నీ ఎత్తాయి. పిల్లలకి చెప్తాను. అప్పట్లో ఇంటింటికీ ఫోన్ లేదు. వీధి చివర కిరాణా కొట్టులో ఒకటి ఉండేది. మన విజిటింగ్ కార్డు మీద, శుభలేఖ మీద ఆ కొట్టు నంబరే వేసి పక్కన పీపీ అని రాసేవాళ్లం. మనం ఎవరికైనా ఫోన్ చేయాలంటే ఇబ్బంది లేదు, కొట్టుకి వెళ్లి చేసుకుంటాం. బయటివాళ్లు మనకి చేస్తేనే చిక్కు. కొట్టాయనకి మనం ఎవరో తెలియాలి, మనల్ని పిలవడానికి మనిషిని పంపాలి. తెలియకపోతే, అలాంటివాళ్లు ఇక్కడ లేరండీ అని పెట్టేస్తాడు.

మీ ఇంట్లో రౌటర్ అచ్చం ఆ కొట్టే. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్ ఉంటాయి. వాటి అడ్రసులు చూస్తే 192.168 అని మొదలవుతాయి. అవి ఇంటి లోపల పిలుచుకునే పేర్లు. మీ పక్కింట్లో కూడా అవే పేర్లు ఉంటాయి. బయటి ప్రపంచానికి కనిపించేది రౌటర్‌కి ఉన్న ఒక్క నంబరే. మీరు ఏదైనా సైటు తెరిస్తే, ఏ మెషిన్ ఎవరితో మాట్లాడుతోందో రౌటర్ ఒక పట్టీలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టీ చూసి అందిస్తుంది. పట్టీలో లేని పిలుపు బయట నుంచి వస్తే పక్కన పడేస్తుంది. మన సర్వర్‌కి వచ్చేవన్నీ అలాంటి పిలుపులే. ఎవరో అమెరికాలో కూర్చుని పాట వినాలనుకుంటారు, వాళ్లకి మనం ముందు ఫోన్ చేసి ఉండం.

ఇలా ఎందుకొచ్చిందంటే నంబర్లు చాలక. ఇంటర్నెట్‌లో మెషిన్‌కి ఇచ్చే పాత తరహా నంబరుని ఐపీవీ4 అడ్రసు అంటారు. అది 32 బిట్లది, మొత్తం కలిపి 429 కోట్లు. ప్రపంచంలో ఉన్న మెషిన్లకి ఎప్పుడో చాలకుండా పోయాయి. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి ఎవరి ఇంట్లో వాళ్లు వాడుకోవచ్చని 1996లో నియమం రాశారు. అయినా 2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖజానాలో మిగిలిన ఆఖరి అడ్రసులు కూడా పంచేశారు.

సరే, కొట్టాయనకి చెప్పి పెట్టాలి కదా. రెండు పనులు.

మొదటిది, సర్వర్‌కి ఇంట్లో స్థిరమైన పేరు ఇవ్వడం. రౌటర్ మామూలుగా ఎవరికి ఏ అడ్రస్ ఇస్తుందో చెప్పలేం, ఈ రోజు 50 ఇస్తే రేపు 53 ఇస్తుంది. రౌటర్ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. సర్వర్ మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, అక్కడ ఇచ్చి, దీనికి ఎప్పుడూ 192.168.1.50 ఇవ్వు అని చెప్పండి. రెండోది పోర్ట్ ఫార్వర్డింగ్. కొన్ని రౌటర్లలో దీన్నే వర్చువల్ సర్వర్ అంటారు. పోర్టు అంటే ఒకే అడ్రస్‌కి ఉండే నంబరు వేసిన తలుపు లాంటిది. బయట నుంచి 80, 443 పోర్టులకి వచ్చిన పిలుపుని 192.168.1.50కి పంపు అని రాస్తాం. వెబ్‌సైట్లకి ఆ రెండు పోర్టులే కావాలి. సైటు కోసం ఆ రెండే తెరవండి. డీఎంజెడ్ అని ఒక మీట ఉంటుంది, నొక్కితే అన్ని పోర్టులూ ఒకే మెషిన్ మీదికి వచ్చి పడతాయి. దాని జోలికి పోవద్దు.

ఇంత చేశాక నేను ఫోన్‌లో మొబైల్ డేటా పెట్టి నా సైటు తెరిచాను. రాలేదు. ఇక్కడే మూడు రాత్రులు పోయాయి.

మొదటి రాత్రి ఇంజిన్‌ఎక్స్ ఫైళ్లన్నీ మళ్లీ రాశాను. రెండో రాత్రి లినక్స్ ఫైర్‌వాల్, అంటే బయటి పిలుపుల్ని ఆపే కాపలా, తీసేశాను, పెట్టాను, తీసేశాను. మూడో రాత్రి రౌటర్‌ని ఫ్యాక్టరీ సెట్టింగులకి తెచ్చి మొదటి నుంచి చేశాను. ఇంట్లో నుంచి 192.168.1.50 అని కొడితే చక్కగా వస్తుంది, నాయనమ్మ ఫొటో, కింద పాటల పట్టిక. గేటు దాటి బయటికి వెళ్లి మొబైల్ డేటాతో కొడితే తెల్ల తెర. అలా తిరిగి తిరిగి ఒంటిగంటకి రౌటర్ స్టేటస్ పేజీ తెరిచి కూర్చున్నాను. అందులో డబ్ల్యూఏఎన్ ఐపీ అని ఒక గడి ఉంటుంది, రౌటర్‌కి బయటి వైపు ఉన్న నంబరు. అది 100.72 అని మొదలైంది. నా ఐపీ ఎంత అని చెప్పే సైటు తెరిస్తే అది ఇంకేదో పూర్తిగా వేరే నంబరు చెప్తోంది.

అప్పుడు అర్థమైంది. మా కొట్టుకే సొంత ఫోన్ లేదు. మా కొట్టు కూడా ఇంకో పెద్ద కొట్టు దగ్గర పీపీయే. నంబర్లు చాలక ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు వందల ఇళ్లని కలిపి ఒకే పబ్లిక్ నంబరు వెనక పెడతారు. దాన్ని సీజీన్యాట్ అంటారు. దానికోసం 2012లో ప్రత్యేకంగా కేటాయించినవే 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు. నేను నా రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. పిలుపు నా రౌటర్ దాకా వస్తేనే కదా, అది పై కొట్టు దగ్గరే ఆగిపోతోంది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను, రాసుకోండి. ఏ ప్రోగ్రామూ పెట్టకముందు, బోర్డు కొనకముందే ఆ గడి చూడండి. రౌటర్ చూపించే డబ్ల్యూఏఎన్ ఐపీ, బయటి సైటు చూపించే ఐపీ ఒకటే అయితే మీకు సొంత నంబరు ఉన్నట్టు. వేరైతే, అందులోనూ అది 10 తోనో, 100.64 నుంచి 100.127 లోపలో ఉంటే, మీది పీపీ. రెండు నిమిషాల పని. నేను చూసుకోలేదు కాబట్టి మూడు రాత్రులు, పైగా ఆ టెన్షన్.

అక్కడ 192.168 కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. చాలాసార్లు అది మీ ఇంట్లో సంగతే. ఫైబర్ కంపెనీ వాళ్లు గోడకి బిగించిన బాక్స్ ఒకటి, మీరు కొనుక్కున్న రౌటర్ ఒకటి, రెండూ కొట్లు నడుపుతున్నాయన్నమాట. గోడ మీది బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని నెట్ ఆయన్ని అడిగితే అది తప్పుకుంటుంది, నంబరు నేరుగా మీ రౌటర్‌కి వస్తుంది. దాంతో కొందరి పని అయిపోతుంది.

నేను మాకు నెట్ ఇచ్చేవాళ్లకి ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ కావాలన్నాను. మొదట మాట్లాడిన అబ్బాయికి అర్థం కాలేదు, పై వాళ్లకి కలిపాడు. నెలకి కొంత అదనంగా కడుతున్నాను, ఆ నంబరు ఇప్పుడు మాదే, మారదు. ఒక జాగ్రత్త: కొన్ని ఇంటి ప్లాన్ల షరతుల్లో సర్వర్ నడపకూడదని రాసి ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఆ కాగితం చదవండి, అడగండి. ఇంకో సంగతి, మీకు పబ్లిక్ నంబరు ఉన్నా అది రౌటర్ ఆపి వేసినప్పుడల్లా మారుతుంటే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకోవచ్చు. డీఎన్ఎస్ అంటే ఏ సైటు పేరుకి ఏ నంబరో చెప్పే పట్టిక. మీ సర్వర్ మధ్య మధ్యలో, ఇప్పుడు నా నంబరు ఇది అని డీఎన్ఎస్‌కి చెప్తూ ఉంటుంది, పేరు మాత్రం మారదు.

స్టాటిక్ ఐపీ వచ్చిన సాయంత్రం ఇంట్లో వైఫై మీద సైటు పేరు కొట్టాను. మళ్లీ తెల్ల తెర. గుండె జారిపోయింది. తీరా మొబైల్ డేటా పెడితే వెంటనే వచ్చింది. కొన్ని రౌటర్లు ఇంట్లోంచి తమ బయటి నంబరునే పిలిస్తే వెనక్కి తిప్పి ఇవ్వలేవు. కాబట్టి పరీక్ష ఎప్పుడూ వైఫై ఆపి, మొబైల్ డేటాతోనే చేయండి. ఈ ఒక్కటి తెలియక ఎంతమంది పనిచేస్తున్న సర్వర్‌ని పనిచేయడం లేదనుకుని విప్పేస్తారో.

తాళం గుర్తు గురించి. హెచ్‌టీటీపీఎస్ అంటే మధ్యలో ఎవరూ చదవకుండా పేజీలు పంపే పద్ధతి. అది లేని సైటు తెరిస్తే సురక్షితం కాదు అని క్రోమ్ 2018 నుంచి రాస్తోంది. మా అత్తయ్య అది చూసి భయపడి మూసేసింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తుంది, 2015 నుంచి ఇస్తోంది. సర్టిఫికెట్ మహా అయితే తొంభై రోజులే ఉంటుంది, కాబట్టి దానంతట అదే రెన్యూ అయ్యేలా పెట్టాలి. గడువు దగ్గరపడిందని గుర్తుచేసే మెయిళ్లు 2025లో ఆపేశారు, వాటి మీద ఆధారపడకండి. సైటు నిజంగా మీదేనా అని వాళ్లు మామూలుగా 80వ పోర్టు ద్వారానే చూసుకుంటారు. 443 తెరిచాం కదా అని 80 మూసేస్తే, ఆ పద్ధతిలో రెన్యూ అవ్వదు.

ఇప్పుడు భద్రత. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఎందుకంటే అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఇదే.

సైటు బయటికి తెరిచిన మొదటి రోజు నేను లాగ్ ఫైలు చూస్తూ కూర్చున్నాను. ఎవరు ఎప్పుడు వచ్చి ఏం అడిగారో ఒక్కో వరసగా పడుతుంటుంది. అడ్రస్ ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇరవై నిమిషాలు కాకముందే మొదటి వరస పడింది. ఎవరో దూరదేశం నుంచి వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ అడిగారు. నా దగ్గర వర్డ్‌ప్రెస్ లేదు. తర్వాతి వరసలో పాస్‌వర్డ్‌లు దాచుకునే డాట్ ఈఎన్‌వీ అనే ఫైలు అడిగారు. అదీ లేదు. తర్వాత ఇంకొకరు. వీళ్లు మనుషులు కారు, ప్రపంచంలో ఉన్న ప్రతి ఐపీ నంబరునీ వరసగా తట్టి చూసే ప్రోగ్రాములు. వీధిలో ప్రతి ఇంటి తలుపూ నెట్టి చూసుకుంటూ పోయేవాళ్లలాంటివి. గడియ వేసి ఉంటే తర్వాతి ఇంటికి పోతాయి.

గడియ లేకపోతే ఏమవుతుందో 2016లో అందరూ చూశారు. మిరాయ్ అనే వైరస్ అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పెట్టుకుని ఇళ్లలో కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. అవన్నీ కలిసి ఆ అక్టోబర్ 21న ఒక డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. పాస్‌వర్డ్ మార్చని చిన్న చిన్న పెట్టెలు చేసిన పని అది.

కాబట్టి నేను పాటించేవి చెప్తాను. రౌటర్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాను, రౌటర్ పేజీ బయట నుంచి తెరుచుకోకుండా ఆపాను. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సౌకర్యం ఆపాను, లేకపోతే ఇంట్లో ఏ పరికరమైనా నన్ను అడగకుండా పోర్టు తెరుచుకుంటుంది. 22వ పోర్టు, అంటే సర్వర్‌లోకి నేను లాగిన్ అయ్యే దారి, బయటికి తెరవనేలేదు. బయట ఉన్నప్పుడు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్‌తో, అంటే తాళం వేసిన సొంత దారిలో, ముందు ఇంట్లోకి వచ్చి, అక్కడి నుంచి కీ ఫైలుతోనే లాగిన్ అవుతాను, పాస్‌వర్డ్ లాగిన్ లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రోజూ వాటంతట అవే పడతాయి. నా సైటులో ఉన్నవి ఉత్త పేజీలు, పాటలు మాత్రమే. బంధువులు మెయిల్ చేసిన మాటల్ని నేనే చేత్తో పేజీలో చేరుస్తాను. కామెంట్ల ప్రోగ్రామ్ కావాలని పెట్టలేదు. అది లేకపోతే దాంట్లో కన్నమూ లేదు, ఆ మాటలు ఇక ఇంకొకరి దగ్గర పోయేదీ లేదు.

(ఒక విద్యార్థిని: సార్, కరెంటు పోతే?)

మంచి ప్రశ్నమ్మా. కరెంటు పోతే మూడు ఆగిపోతాయి: సర్వర్, రౌటర్, ఫైబర్ బాక్స్. అందరూ సర్వర్‌కి ఒక్కదానికే బ్యాకప్ పెట్టి మిగతా రెండూ మర్చిపోతారు. మా ఇంట్లో మూడూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకి వచ్చే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతాయి. రెండో నష్టం మెమరీ కార్డుది. రాస్తుండగా కరెంటు పోతే రాస్‌బెర్రీ పై మెమరీ కార్డు పాడవ్వొచ్చు, నాది మొదటి వేసవిలోనే పోయింది. ఇప్పుడు ఎస్ఎస్‌డీ మీద నడుపుతున్నాను, కాపీ ఒకటి మా చెల్లెలి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉంది. ఒక ఇంట్లోనే ఉంటే చాలదు.

(ఒక తండ్రి: మా దగ్గర స్టాటిక్ ఐపీ ఇచ్చేది లేదన్నారండి. ఇక దారి లేదా?)

ఉందండి, రెండున్నాయి. మొదటిది ఐపీవీ6, కొత్త తరహా పొడుగు నంబర్లు. అందులో నంబర్లకి కరువు లేదు, ఇంట్లో ప్రతి మెషిన్‌కి సొంత పబ్లిక్ నంబరు ఉంటుంది, పీపీ బాధే లేదు. ఐపీవీ6 వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది. రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ మెషిన్‌కి 80, 443 అనుమతించాలి, అంతే. కాకపోతే పాత ఐపీవీ4 మాత్రమే ఉన్నవాళ్లకి మీ సైటు తెరుచుకోదు. రెండోది టన్నెల్. పబ్లిక్ నంబరు ఉన్న చిన్న సర్వర్ ఒకటి నెలవారీ అద్దెకి తీసుకోండి. మీ ఇంటి మెషినే వైర్‌గార్డ్‌తో దానికి ఫోన్ చేసి, పెట్టేయకుండా లైన్‌లోనే ఉంటుంది. ప్రతి 25 సెకన్లకి ఒకసారి, ఉన్నాను అని పలకరిస్తే మధ్యలో ఉన్న కొట్లు ఆ వరసని పట్టీలోంచి చెరపవు. బయటివాళ్లు అద్దె సర్వర్‌కి వస్తారు, అది ఆ లైన్‌లోనే మీ ఇంటికి పంపిస్తుంది. కొట్టులో ఫోన్ పెట్టేయకుండా మనమే అక్కడ కూర్చున్నట్టు. పాటలు మాత్రం మీ ఇంట్లోనే ఉంటాయి.

టైమ్ అయిపోతోంది. అందరూ ఫోన్లు తీయండి. కాలేజీ వైఫై ఆపండి, మొబైల్ డేటా పెట్టండి. బోర్డు మీద రాసిన పేరు కొట్టండి. తెర మీద మా ఇంటి లాగ్ పెట్టాను, చూస్తూ ఉండండి.

ఒకటి వచ్చింది. రెండు. నాలుగు. ఇవి వేగంగా వస్తున్నాయి... ఈ పొడుగు అడ్రసులన్నీ ఐపీవీ6, మీ ఫోన్లే. ఇదిగో, ఈ పొట్టి నంబరు మూడు వరసల్లో ఒకటే ఉంది చూశారా? ఫోన్ల మోడళ్లు వేరు. ముగ్గురు వేర్వేరు మనుషులు, ఒకే పీపీ వెనక ఉన్నారు.

పట్టికలో మూడో పాట నొక్కండి. సౌండ్ పెంచండి. రెండో నిమిషం దగ్గర కోడి కూస్తుంది.